కలియుగ భీముడు కోడి రామమూర్తి నాయుడు

బలానికి ప్రతి జాతీ ఒక పురాణపురుషుని పేరు పెట్టుకున్నది. గ్రీకులకు హెర్క్యులిస్, పారశీకులకు రుస్తుం, మనకు భీమసేనుడు. వీరంతా కావ్యాలలో పుట్టి కావ్యాలలోనే నిలిచినవారు. బడిపిల్లలకు డ్రిల్లు నేర్పి నెలజీతం పుచ్చుకొన్న ఒక వ్యాయామోపాధ్యాయుడు తన జీవితకాలంలోనే వారి సరసన చేరడం అరుదైన విషయం. ఆంధ్రదేశంలో ఆ గౌరవం కోడి రామమూర్తి నాయుడుగారికి దక్కినది. తెలుగువారు ఆయనను కలియుగ భీముడన్నారు. ఇతరులు ఇండియన్ హెర్క్యులిస్ అన్నారు. ఉత్తర హిందూస్థానంలో ప్రొఫెసర్ రామమూర్తి అంటే చాలును, ఫలానావాడని వేరే చెప్పనక్కర లేకపోయేది.

ఆయన గతించి ఎనిమిది దశాబ్దాలు దాటినది. మనకు మిగిలినవి కొన్ని విగ్రహాలు, ఒక క్రీడాస్థలానికి పెట్టిన పేరు, తాతలు మనుమలకు చెప్పే కథలు. ఏనుగును రొమ్ముపై ఎక్కించుకొన్నాడన్న మాట అందరికీ తెలుసు. ఎట్లా ఎక్కించుకొన్నాడు, ఎందుకు ఎక్కించుకొన్నాడు, ఏనుగు దిగిపోయిన తరువాత ఆ మనిషి ఏమైనాడు అన్నవి తెలిసినవారు తక్కువ. ఆ మూడు ప్రశ్నలే ఈ వ్యాసానికి ఆధారం.

వీరఘట్టం నుంచి విజయనగరానికి

రామమూర్తి నాయుడుగారు 1880వ దశకపు తొలి సంవత్సరాలలో వీరఘట్టంలో జన్మించారు. ఆనాడు ఆ ఊరు విశాఖపట్టణం జిల్లాలోనిది. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరినది. 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నది. తండ్రి వెంకన్న నాయుడుగారు. తల్లి, కొడుకు పసితనంలోనే కన్నుమూసినది. తల్లిలేని బిడ్డ అన్న జాలితో తండ్రి కొంత గారాబంగానే పెంచారు. పిల్లవాడు ఊరి చెరువుగట్టున తెల్లవారుజామున పరుగులు తీయడం, చెట్ల నీడన కసరత్తు చేయడం అలవాటు చేసుకున్నాడు. పలక పట్టడంలో మాత్రం అంత ఉత్సాహం చూపలేదు.

కొడుకు చదువు దారి తప్పుతున్నదని గ్రహించిన తండ్రి అతనిని విజయనగరంలో పోలీసుశాఖలో ఉద్యోగం చేస్తున్న పినతండ్రి నారాయణస్వామిగారి వద్దకు పంపారు. చదువుకోసం పంపిన ఆ పట్టణమే అతనికి గోదా చూపించినది. విజయనగరం ఆనాడు విద్యలకు కాణాచి. గురజాడ అప్పారావుగారు అక్కడనే ఉన్నారు. ఆదిభట్ల నారాయణదాసుగారు అక్కడనే హరికథకు గజ్జె కట్టారు. సాహిత్య సంగీతాలకు ఉన్న ఆదరమే మల్లవిద్యకూ ఉండేది. పండితుడు శాస్త్రార్థంలో గెలిచినా, మల్లుడు కుస్తీలో గెలిచినా సంస్థానంలో సన్మానం తప్పేది కాదు.

ఉత్తరాంధ్ర పల్లెలలో బలపరీక్షలు కొత్త కాదు. పండుగలకూ తీర్థాలకూ ఊరి మధ్య సంగడాలు ఎత్తే పోటీలు జరిగేవి. రాతి గుండును మోకాలివరకు తెచ్చినవాడొకడు, భుజానికెత్తినవాడొకడు, తల మీదుగా వెనుకకు విసిరినవాడొకడు. గెలిచినవానికి దక్కేది ఒక పంచెల చాపు, ఊరివారి మెప్పు. ఇటువంటి పోటీలు ఆ ప్రాంతంలో నేటికీ పూర్తిగా పోలేదు. రామమూర్తి నాయుడుగారి విద్యకు మొదటి మెట్టు ఈ పల్లె సంప్రదాయమే. దానికి సాముగరిడీలోని దండాలు, బస్కీలు, కుస్తీ పట్లు తోడైనవి. ఇరవై యొక్కటవ ఏటనే టన్నున్నర బరువును రొమ్ముపై నిలుపగలిగేవారనీ, తరువాత అది మూడు టన్నులకు పెరిగినదనీ ఆయన జీవితకథకులు వ్రాశారు.

మద్రాసు చెంతనున్న సైదాపేటలో ఒక సంవత్సరం వ్యాయామశిక్షణ పొంది విజయనగరం తిరిగివచ్చి, తాము చదివిన పాఠశాలలోనే వ్యాయామోపాధ్యాయులైనారు. ఆయన జీవితంలో ఈ ఘట్టాన్ని అందరూ రెండు మాటలలో దాటిపోతారు. కాని అది ముఖ్యమైనది. గరిడీలో గురుముఖతః వచ్చిన దేశవాళీ విద్య, సైదాపేటలో నేర్చిన పాశ్చాత్య వ్యాయామపద్ధతి ఒకే మనిషిలో కలిసినవి. పదిమందికి ఒక పనిని క్రమంగా, మెట్లుమెట్లుగా నేర్పే ఉపాధ్యాయలక్షణం కూడ ఇక్కడే అలవడినది. అది లేకపోయినట్లయితే ఆయన ఒక గొప్ప మల్లుడుగా మిగిలిపోయేవారు గాని, ఒక పెద్ద బృందానికి నాయకుడు కాలేకపోయేవారు.

సర్కసు గుడారం

ఆ కాలంలో బలప్రదర్శన ప్రపంచమంతటా పెద్ద వినోదమైనది. ప్రష్యా దేశంలో పుట్టిన యూజెన్ శాండో పాశ్చాత్య నాట్యశాలలను ఉర్రూతలూగించాడు. 1901లో లండను ఆల్బర్టు హాలులో దేహసౌష్ఠవానికి ఒక మహాపోటీయే నడిపాడు. 1904, 1905 సంవత్సరాలలో శాండో భారతదేశానికి వచ్చి ప్రదర్శనలిచ్చినప్పుడు మన యువకులు వేలంవెర్రిగా చూచారు. ఆపైన మనవాళ్లలో బలశాలి ఎవడు కనబడినా ఇండియన్ శాండో అని పిలవడం పరిపాటి అయినది.

మన దేశంలో సర్కసు అంతకుముందే నెలకొన్నది. మహారాష్ట్రుడైన విష్ణుపంత్ ఛత్రే 1880లో తొలి భారతీయ సర్కసును స్థాపించాడు. ఆ దారిలోనే, పొట్టి పంతులు అనే ఆప్తమిత్రుని ప్రోత్సాహంతో, తుని రాజావారి తోడ్పాటుతో రామమూర్తి నాయుడుగారు బడి ఉద్యోగం విడిచి సర్కసు సంస్థను నెలకొల్పారు. నెలజీతం వదలి గుడారం వెంట పోవడం ఆనాటి గృహస్థు దృష్టిలో తెలివైన పని కాదు. జంతువులకు మేత, మనుష్యులకు అన్నం, రైళ్లకు బాడుగ, వానపడితే ఆట రద్దు. ఇన్నింటినీ మోయడం ఏనుగును మోయడానికేమీ తీసిపోదు.

ఆయన ప్రొఫెసర్ అనిపించుకొన్నది కూడ ఈ గుడారంలోనే. ఆ బిరుదు ఏ విశ్వవిద్యాలయమూ ఇచ్చినది కాదు. సర్కసులలో, గరిడీలలో ప్రధాన శిక్షకుణ్ణి ఆ పేరుతో పిలవడం నాటి ఆచారం. అయినా శిష్యులను తయారుచేసిన విషయంలో ఆయనకు అది చెల్లినది. బెంగాలులో తరువాత భీమభవాని అన్న పేరుతో ప్రసిద్ధుడైన భవేంద్రమోహన సాహా కుర్రతనంలో ఇల్లు విడిచి ఈ సర్కసులోనే చేరాడు. తూర్పుదేశాల యాత్రలో వెంట తిరిగి విద్య నేర్చుకొని, రొమ్ముమీద ఏనుగును మోసేవాడైనాడు. పాపం, అతడు అల్పాయుష్కుడు. 1922లోనే మరణించాడు.

ఎట్లా మోశాడు?

రామమూర్తి నాయుడుగారి ప్రదర్శనలలో మూడు ప్రధానమైనవి. ఒంటికి చుట్టిన ఇనుపగొలుసును ఊపిరి బిగించి తెంచడం, రెండువైపులా రెండు మోటారుకార్లను కదలకుండా నిలపడం, రొమ్ముపై ఏనుగును నిలుపుకోవడం. వీటిని మాయ అనుకొన్నవారు ఉన్నారు, దైవశక్తి అనుకొన్నవారూ ఉన్నారు. రెండూ కావు. భౌతికశాస్త్రం చదువుకొంటున్న విద్యార్థులు వీటిని చక్కగా అర్థం చేసుకోగలరు.

గొలుసు సంగతి చూడండి. గొలుసు బలమంతా దాని అతి బలహీనమైన లంకెలో ఉంటుంది. రొమ్ము వ్యాకోచించినప్పుడు కలిగే ఒత్తిడి చుట్టూ ఉన్న గొలుసును లాగుతుంది. ఆ లాగుడుకు ముందుగా సాగి విడిపోయేది ఆ ఒక్క లంకె. కాని ఆ క్షణానికి ముందు గొలుసు మాంసంలో దిగుతుంది. ఆ బాధను ఓర్చుకొంటూ శ్వాసను వదలకుండా ఉండడమే అక్కడి విద్య.

కార్ల సంగతి మరింత విచిత్రం. రెండు కార్లు ఎదురెదురు దిక్కులకు లాగుతున్నప్పుడు ఒకదాని బలాన్ని మరొకటి సరితూచుతుంది. అందుచేత నడుమనున్న మనిషిని ఏ ఒక్కటీ ఈడ్చుకొనిపోదు. అట్లని పని తేలిక అనుకోరాదు. తాడుకు రెండు కొసలా ఎద్దులు కట్టి లాగిస్తే తాడు కదలదు గాని తెగుతుంది. ఇక్కడ ఆ తాడు మనిషి భుజాలే. టన్ను బరువున్న కారు వెనుకచక్రాల మీద అరటన్ను బరువు పడుతున్నదనుకొంటే, మట్టినేలపై చక్రం జారకుండా లాగగలిగే బలం అందులో ఇంచుమించు సగం, అనగా 250 కిలోల బరువుకు సమానం. అంత లాగుడు రెండు భుజకీళ్ల గుండా ప్రవహిస్తున్నప్పుడు కీలు సడలకుండా నిలపాలి. వైస్రాయి మింటో ప్రభువు స్వయంగా కారులో కూర్చొని పరీక్షించాడనీ, బండి అంగుళం కదలలేదనీ జనశ్రుతి. 1977లో అమెరికాలో ప్రారంభమైన ప్రపంచ బలశాలి పోటీల తరహా పోటీలలో, పక్కలకు ఒరిగిపోబోయే రెండు స్తంభాలను చెరొక చేత పట్టి నిలిపే పరీక్ష ఒకటి ఉన్నది. దానికి హెర్క్యులిస్ పట్టు అని పేరు. పేరు కొత్తది గాని విద్య మన రామమూర్తి నాయుడుగారిదే.

ఇక ఏనుగు. రెండు మూడు టన్నుల జంతువు పాదం తిన్నగా మనిషి రొమ్ముపై పడితే ఎముకలు నిలవవు. అందుకే పరుండిన మనిషి రొమ్ముపై బలమైన బల్ల పరుస్తారు. బల్ల ఆ బరువును ఒక్కచోట పడనీయక వెడల్పుగా పంచుతుంది. బల్ల కొసలు ఆనుకొనే తీరును బట్టి కొంత భారం నేలకు కూడ పోతుంది. మిగిలినదే రొమ్ము మోయవలసినది. ఆ మిగిలినది కూడ సామాన్యుడు భరించగలిగేది కాదు. ఇక్కడనే ఆయన ప్రాణాయామసాధన పనికి వచ్చినది. నిండుగా ఊపిరి పీల్చి, కంఠం మూసి, పొట్టకండరాలను బిగిస్తే మొండెమంతా గాలి నిండిన చక్రంవలె గట్టిపడుతుంది. నేటి బరువులెత్తే క్రీడాకారులు ఇదే చేస్తారు. వైద్యులు దీనిని ఇటలీ దేశపు శరీరశాస్త్రవేత్త వల్సాల్వా పేరుతో పిలుస్తారు. మన యోగశాస్త్రంలో దీనికి దగ్గరి బంధువు కుంభకం. ఆయన వాయుస్తంభన, జలస్తంభన విద్యలు సాధించారని చెప్పుకొనే మాటలోని సారం ఇదే. ఐదు నిమిషాలసేపు ఏనుగును నిలిపేవారని ప్రసిద్ధి.

మాంసాహారం లేనిదే కండ పెరగదన్న నమ్మకం ఆనాడూ ఉన్నది, నేడూ ఉన్నది. రామమూర్తి నాయుడుగారు శాకాహారి. బ్రహ్మముహూర్తాన లేచి వ్యాయామం చేయడం, నియమంగా భుజించడం, శ్వాసను సాధించడం ఆయన దినచర్య. ఈ మూడింటిలో డబ్బుతో కొనవలసినది ఒక్కటీ లేదు. ఏళ్ల తరబడి మానకుండా చేయడమే కష్టం.

ఎందుకు మోశాడు?

ఈ ప్రశ్నకు సమాధానం ఆ కాలంలో ఉన్నది. భారతీయులు దుర్బలులు, కొన్ని జాతులు తప్ప తక్కినవారు పోరుకు పనికిరానివారు అన్న మాటను ఆంగ్లపాలకులు పదేపదే చెప్పి మనచేత నమ్మించారు. సైన్యంలో చేర్చుకోవడానికి వీరజాతులని, వీరేతర జాతులని విభజన చేశారు. 1905లో బంగాళ విభజన జరిగినది. స్వదేశీ ఉద్యమం లేచినది. బెంగాలులో ఊరూరా వ్యాయామశాలలు వెలసినవి. 1907లో బిపినచంద్ర పాలుగారు తెలుగుదేశంలో పర్యటించారు. ఆ వేడిలోనే రాజమహేంద్రవరం శిక్షణ కళాశాల నుంచి గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు బహిష్కృతులైనారు. దేహపుష్టికీ దేశాభ్యుదయానికీ గల సంబంధాన్ని గురజాడ తమ దేశభక్తి గేయంలో బోధించారు. 1910లో మన మల్లుడు గామా లండనులో పోలండు వస్తాదు జిబిస్కోను నేలకు అదిమిపట్టినాడు.

అట్టి సమయంలో ఒక నల్లని మనిషి, తెల్లదొరల కారును నిలబెట్టినాడన్న వార్త సామాన్యునికి వినోదం మాత్రమే కాలేదు. టిక్కెట్టు కొని గుడారంలో కూర్చొన్న గుమాస్తా, పాఠశాల విద్యార్థి, కూలివాడు కొంత నిటారుగా ఇంటికి నడిచిపోయేవారు. పూనాలో లోకమాన్య తిలకు ఆయనను సన్మానించి మల్లమార్తాండ బిరుదమిచ్చారనీ, అలహాబాదులో కాంగ్రెసు మహాసభల సందర్భంలో పండిత మదనమోహన మాలవ్యా ప్రదర్శన ఏర్పాటు చేయించి విదేశయాత్రకు ప్రోత్సహించారనీ ఆయన చరిత్రలో చెబుతారు. రాజకీయనాయకులు సర్కసువానిని దగ్గరకు తీయడంలో ఆశ్చర్యం లేదు. వారు ఉపన్యాసాలలో చెబుతున్నది ఆయన రొమ్ముపై రుజువు చేస్తున్నారు.

విదేశయాత్రను గురించి కథలు అనేకం. లండనులో ఐదవ జార్జి చక్రవర్తి, మేరీ రాణి ఆయన బలాన్ని చూచి బకింగ్‌హాం రాజభవనంలో ఆదరించారనీ, ఇండియన్ హెర్క్యులిస్ బిరుదు అక్కడిదేననీ అంటారు. స్పెయినులో కోడెపోరుకు దిగి ఎద్దు కొమ్ములు పట్టి పడవేశారని మరొక కథ. కథ చెప్పేవాడు చెప్పినప్పుడల్లా ఎద్దు కొంత పెరుగుతుంది. జనం తాము మెచ్చిన మనిషికి ఇచ్చే కానుక అది. కాని ఆ అతిశయోక్తుల పొరలు వలిచినా, ఒక చిన్న ఊరి నుంచి బయలుదేరిన వ్యాయామోపాధ్యాయుడు స్వశక్తితో సంస్థ నడిపి, సముద్రాలు దాటి పేరు తెచ్చిన సంగతి మిగులుతుంది. అది తక్కువది కాదు.

ఏనుగు దిగిన తరువాత

ఏనుగు ప్రదర్శనకు ప్రాణం బల్ల అని పైన చెప్పుకొన్నాము. ఆ బల్లయే ఒకనాడు మోసం చేసినదని ఆయన జీవితకథ చెబుతున్నది. అసూయాపరులు బలహీనమైన బల్లను అమర్చారనీ, ఏనుగు కాలు మోపగానే అది విరిగి, పక్కటెముకలు చెదరి శస్త్రచికిత్స అవసరమైనదనీ అంటారు. కుట్ర అయినా, ప్రమాదం అయినా, మనం గమనించవలసినది ఒకటున్నది. ఎంత బలవంతుడైనా తాను చూడని ఒక వడ్రంగి పనితనం మీద, తాను కట్టని ఒక ముడి మీద ఆధారపడి బ్రతుకుతాడు. బలశాలి జీవితం ఒంటరి జీవితం కాదు. తోటివారి నిజాయితీయే అతని పక్కటెముకలకు కాపుదల.

కోలుకొన్నారు గాని పూర్వపు దేహం తిరిగి రాలేదు. తరువాత కాలికి వ్రణం లేచి ముదిరి, చివరకు ఆ కాలునే తొలగించవలసి వచ్చినది. ఆ శస్త్రచికిత్సలో మత్తుమందు వద్దని, ప్రాణాయామంతో బాధను నిగ్రహించుకొన్నారని ప్రతీతి. కార్లను నిలిపిన కాలు పోయినది. లక్షల జనం చూచిన మనిషి కర్రమీద ఆనుకొని నడవవలసి వచ్చినది. ఏనుగును మోయడం ఐదు నిమిషాల పని. ఈ బరువు ఏళ్ల తరబడి మోయవలసినది. చప్పట్లు కొట్టేవారు దీనికి లేరు.

ఆర్జించినదానిలో అధికభాగం దానధర్మాలకు వెచ్చించారని చెప్పుకొంటారు. ఉన్నప్పుడు చేయి ముడవలేదు. లేనప్పుడు చేయి చాపలేదు. అంత్యదశలో ఒరిస్సా ప్రాంతంలోని పాట్నా సంస్థానంలో ఆశ్రయం లభించినది. ఆ సంస్థాన రాజధాని బలాంగీరులో 1942 జనవరిలో ఆయన తనువు చాలించారు. స్వాతంత్ర్యానికి ఇంకను ఐదేండ్లు వ్యవధి ఉన్నది. ఆయన బలం చూచి నిటారుగా నడిచిన కుర్రవాళ్లలో పలువురు ఆ రోజును చూచారు. ఆయన చూడలేదు.

ఆయన తరువాత

విద్య మాత్రం ఆయనతో అంతరించలేదు. సర్కసు గుడారంలోని బలప్రదర్శన క్రమంగా కొలతలు, నియమాలు గల క్రీడగా మారినది. దండమూడి రాజగోపాలరావుగారు 1948 లండన్ ఒలింపిక్సులో బరువులెత్తే పోటీలో పాల్గొని, 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో కాంస్యపతకం గెలిచారు. 1963లో వచ్చిన నర్తనశాల చిత్రంలో భీముని పాత్ర ఆయనదే. 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్సులో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యపతకం తెచ్చిన కరణం మల్లీశ్వరి శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట ఆడపడుచు. ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ ఆమె. కోడి రామమూర్తి నడిచిన నేలనుంచే ఆమె రావడం కాకతాళీయం అనుకోలేము. బరువెత్తడం గౌరవంగా ఎంచే ఊళ్లలోనే బరువెత్తేవారు పుడతారు.

నేడు శ్రీకాకుళంలో ఒక క్రీడాప్రాంగణం ఆయన పేరు మోస్తున్నది. విశాఖపట్టణం సముద్రతీరాన ఆయన విగ్రహం ఉన్నది. భాగ్యనగరంలో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణానికి తార్నాక నుంచి, గోల్నాక నుంచి తెల్లవారుజామున పరుగులకు వచ్చే యువకులు, వ్యాయామశాలలలో ఇనుపగుండ్లు ఎత్తే యువకులు విదేశపు బలశాలుల పేర్లు తడుముకోకుండా చెబుతారు. అందులో తప్పు లేదు. మన పేరు కూడ ఒకటి ఆ జాబితాలో ఉండవలసినది.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఆయన జీవితం మొదలైనది మీ పాఠశాలలోని డ్రిల్లు గంటలోనే. పరీక్షలు దగ్గర పడగానే మనం మొట్టమొదట అరువు తీసుకొనేది ఆ గంటనే. లెక్కలకో, ఇంగ్లీషుకో దానిని వాడుకొని, మరల తిరిగి ఇవ్వము. వచ్చేవారం ఆ గంట కొట్టినప్పుడు తలుపు తీసి పిల్లలను ఆటస్థలానికి పోనివ్వండి. వారిలో చెరువుగట్టున ఒంటరిగా పరుగెత్తే పిల్లవాడొకడు ఉండవచ్చును.